బప్తీజో: మునక నుంచి బాప్తిస్మం దాకా

బప్తీజో కొత్త నిబంధనలోని గ్రీకు క్రియ. ముంచడం, మునగడం, నీళ్లతో కడగడం దీని అర్థాలు. దీని నుంచి వచ్చిన ‘బప్తిస్మ’ అనే నామవాచకమే తెలుగులో బాప్తిస్మం. మూలధాతువు ‘బప్తో’ను బట్టకు రంగు అద్దడానికీ వాడేవారు.

ఇది మొదట లౌకికమైన మాట. ఓడల మునకను గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ దీనితోనే చెప్పాడు. గ్రీకు రచయిత ప్లూటార్క్ అప్పుల విషయంలో వాడాడు, మనం ‘పీకల్లోతు అప్పుల్లో మునిగాడు’ అన్నట్టే. పాత నిబంధన గ్రీకు అనువాదంలో సిరియా సేనాధిపతి నయమాను యొర్దాను నదిలో ఏడుసార్లు మునిగిన చోట ఈ క్రియే ఉంది. భోజనానికి ముందు యేసు కడుక్కోలేదని పరిసయ్యుడు ఆశ్చర్యపోయినప్పుడు లూకా రాసిందీ ఇదే. అంటే ప్రతిచోటా సంస్కారం అనే అర్థం తీయకూడదు.

అనువాదకులకు ఇది పెద్ద చిక్కు తెచ్చింది. బెంగాలీ బైబిలులో బాప్టిస్టులు ‘ముంచు’ అనే అర్థమిచ్చే మాట పెడితే, 1830లలో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ ఆ ప్రతులకు సాయం నిరాకరించింది. తెలుగులో గ్రీకు మాటే నిలిచింది. అందువల్ల నీళ్లు పోసే గుంటూరు లూథరన్లు, ముంచే ఒంగోలు బాప్టిస్టులు ఒకే వాక్యాన్ని ఎవరి ఆచారం ప్రకారం వారు చదువుకోగలిగారు. కతోలికులు మాత్రం జ్ఞానస్నానం అంటారు.

ఈ క్రియ అర్థం ఒంగోలు ప్రాంతంలో కళ్లకు కట్టింది. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఒకసారికి ఇద్దరు పాస్టర్లు నీళ్లలో నిలబడేవారు. వారు అలిసిపోతే మరో ఇద్దరు దిగేవారు. ఉదయం ఆరింటికి మొదలై, మధ్యాహ్నం కాసేపు ఆగి, సాయంత్రం దాకా సాగింది.

తెలుగులో ఈ క్రియ నామవాచకంగా మారి, ‘ఇచ్చు’, ‘పొందు’, ‘తీసుకొను’ వంటి క్రియల సాయంతో నడుస్తోంది. దీనివల్ల ఒకచోట నష్టం జరిగింది. మార్కు పదో అధ్యాయంలో యేసు తనకు రాబోయే శ్రమలను ఈ మాటతోనే చెబుతాడు. గ్రీకు చదువరికి అక్కడ నిలువునా ముంచెత్తే నీళ్లు కనిపిస్తాయి. తెలుగు చదువరికి చర్చిలో జరిగే సంస్కారం కనిపిస్తుంది.