కార్బురేటర్ నుంచి చిప్ దాకా

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కారు మొరాయిస్తే కార్బురేటర్ విప్పి, జెట్ శుభ్రంచేసి బిగిస్తే సరిపోయేది. 1967లోనే బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజక్షన్ ఫోక్స్‌వాగన్ కారుకెక్కింది. 2003లో భారత్ స్టేజ్-2 నిబంధనలు హైదరాబాదుకు వచ్చాక ఇక్కడి కొత్త కార్లలోనూ కార్బురేటర్ పని కంప్యూటర్ పెట్టెకు దక్కింది.

ఆ పెట్టె కాలితే కొత్తదానికి వేలల్లో ఖర్చు. జల్‌పల్లి తుక్కు గోదాముల్లో అదే నంబరు పాత పెట్టె దొరికినా, చాలా కార్లలో అది మన తాళంచెవిని గుర్తించదు. ఆ గుర్తు పాత పెట్టెలోని చిన్న మెమరీ చిప్‌లో ఉంటుంది. 1971 నాటి ఇంటెల్ చిప్‌ను చెరపడానికి అతినీలలోహిత కాంతి కావాలి. దీనికి కరెంటు చాలు. మెకానిక్ పాత చిప్‌లోని సమాచారం చదివి, దొరికిన పెట్టెలోకి ఎక్కిస్తాడు.

పెట్టె కాలినా చిప్ చాలాసార్లు బతికే ఉంటుంది. కనుక నా మనవి: దాన్ని తుక్కు కింద అమ్మకండి.