చూసిన అక్షరమే మాయం

డోర్నకల్ జంక్షన్. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎడమ కన్ను మూయండి. కుడికంటితో పసుపు బోర్డు చదవండి. 'డో' ఉంది, 'కల్' ఉంది. 'ర్న' లేదు. చూపు 'క' మీదికి జరిపితే 'ర్న' వచ్చింది, 'క' పోయింది. ఎటు చూస్తే అటే చిల్లు.

రెండో కన్ను బాగుంది కదా అని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. ఇప్పుడు డాక్టరుకు చూపించుకోవడానికి బయల్దేరారు. మీరెక్కేది సికింద్రాబాద్ బండి.

బంజారాహిల్స్, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. చుక్కల మందుకు కంటిపాప విప్పారి వెలుతురు గుచ్చుకుంటోంది. స్కాన్‌లో రెటీనా నడుమ గొయ్యి. 620 మైక్రాన్లు. ఆవగింజంత కూడా లేదు, కానీ 400 దాటితే పెద్ద చిల్లు కిందే లెక్క.

డాక్టర్ రెండు దారులు చెబుతున్నారు. చిల్లు చుట్టూ రెటీనాకు అంటుకున్న పలుచని పొరను పూర్తిగా ఒలిచేస్తే బిగువు సడలి అంచులు దగ్గరవుతాయి. లేదా, పొరను అంచు దగ్గర వదిలేసి, తిరగేసి చిల్లు మీద కప్పుతారు. పోలండ్‌లో జోఫియా మిహలెవ్‌స్కా బృందం ఈ రెండింటినీ పోల్చి 2010లో ప్రచురించింది. ఒలిస్తే 88 శాతం చిల్లులు మూసుకున్నాయి, కప్పితే 98. నన్నడిగితే అసలు తేడా వేరే ఉంది: ఒలిచిన కళ్లలో 19 శాతం పేరుకే మూత. అంచులు అణిగాయి, నడుమ బోసిగానే మిగిలింది. కప్పినవాటిలో అలాంటివి 2 శాతమే.

"కప్పిన పొర జారిపోతే?"

"జారొచ్చు," అంటారాయన. కాగితం మీ ముందుకొచ్చింది. కప్పించుకుంటానని సంతకం పెట్టారు.

థియేటర్. కంటి పక్కన సూది. కన్ను మొద్దుబారింది, మెలకువ ఉంది. కంట్లో మూడు సన్నని రంధ్రాలు. లోపలి జెల్లీని కోసి లాగేస్తున్నారు. నీలం రంగు వేశారు, పొర కనబడాలిగా. పట్టకారు దిగింది. నీడ కదిలింది. దగ్గొస్తోంది. చెప్పండి! చెప్పారు. చేతులు ఆగాయి. దగ్గు పోయింది. మళ్లీ నీడ. పొర లేచింది. తిరగబడింది. నీళ్లు తీసి గాలి పంపుతున్నారు. జారేది ఇప్పుడే. కదలకండి.

"నిలిచింది."

తర్వాత గ్యాస్. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది, చిల్లేమో కంటి వెనక గోడకు. అందుకే కొన్ని రోజులు బోర్లా. ముక్కు దిండులో, మెడ పీకుతూ. విమానం ఎక్కొద్దన్నారు, ఎత్తుకు పోతే గ్యాస్ ఉబ్బి కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. మీకెలాగూ రైలే.

కొన్ని వారాలకు మళ్లీ అదే ప్లాట్‌ఫాం. ఎడమ కన్ను మూశారు. బుడగ గీత చూపులో సగం కిందికి దిగింది, గ్లాసులో నీళ్లలా ఊగుతోంది. దానికి కాస్త పైన, వంకరగా, 'ర్న'.