తిరిగి అప్పగించని సీమ

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా శ్రీశైలం బయలుదేరితే నల్లమల అంచున తగిలే ఊరు ఆత్మకూరు. ఒకప్పుడు ఇదంతా కర్నూలు నవాబుల సీమ. అది చేజారిన తీరు తలచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

1804లో కుంఫిణీ మద్రాసు రాజధానిలో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పెట్టింది. జమీందారు మైనరు బిడ్డను వదిలి కన్నుమూస్తే ఎస్టేటును సర్కారే చూసేది. శిస్తులు వసూలు చేసి, అప్పులు తీర్చి, పిల్లవాడికి ఈడు రాగానే అతని ఆస్తి అతని చేతిలో పెట్టాలి. అది చట్టం. కర్నూలుకు ఆ పాటి గడువు కూడా దక్కలేదు.

1800లో నిజాం దత్తమండలాలను రాసిచ్చినప్పుడు కర్నూలు మీద పెత్తనమూ కుంఫిణీ పాలైంది. నవాబు ఏటా లక్ష రూపాయల పేష్కష్ కట్టాలి. ఇక గద్దె ఎవరిదో చెప్పేది కుంఫిణీయే. 1815లో మునవర్ ఖాన్‌ను కూర్చోబెట్టింది. 1823లో అతను పోయాక వంతు ముజఫర్ ఖాన్‌ది. భార్యను చంపిన నేరం మీద అతను బళ్లారిలో ఖైదయ్యాడు. గద్దె గులాం రసూల్ ఖాన్‌కు వచ్చింది. ఆయనే ఆఖరివాడు.

1839లో, నవాబు రహస్యంగా ఆయుధాలు చేరుస్తున్నాడని కుంఫిణీ పటాలం దిగింది. సోదా చేస్తే తోటల్లో, జనానా ఆవరణలో ఫిరంగులు, వాటిని పోతపోసే అచ్చులు, మందుగుండు బయటపడ్డాయి. ఆడవాళ్లు తిరిగే చోట, చెట్ల నీడన, ఇనుమూ గంధకమూ. ఆయన ఏ పాపమూ ఎరగడని నేననను. అయితే జీతాల బకాయిల కోసం సొంత సిపాయిలే చుట్టుముట్టి ఉండగా, తుంగభద్ర ఒడ్డున జోహరాపురంలో ఆయన కూర్చున్న ఆ రోజుల్ని తలచుకుంటే జాలి ఆగదు. అక్టోబరులో అక్కడే పోరు జరిగింది. నవాబు చిక్కాడు.

తిరుచినాపల్లికి పంపారు. మరుసటి ఏడాది అక్కడే కత్తిపోటుకు ప్రాణం విడిచాడు.

సీమ కుంఫిణీ కమిషనరు చేతికి వెళ్లింది. జాగీర్లు పోయి వాటి చోట పింఛన్లు వచ్చాయి. నిన్నటిదాకా ఊళ్లు ఏలిన ఇంటివాళ్లు ఖజానా దఫ్తరులో ఒక్కో పద్దుగా మిగిలారు. పద్దులో పేరు, పక్కన రూపాయలు. ఆ పద్దులకు ఈడు రావడమన్నది లేదు.

1858లో కర్నూలు కలెక్టరు పాలనలో జిల్లా అయింది. సీమను మళ్లీ ఎవరికీ అప్పగించలేదు.