సింకోనా జాతుల తారతమ్యము

ఓషధులకు నామసామ్యమును రూపసామ్యమును గలిగినంతమాత్రమున గుణసామ్యము సిద్ధింపదు. సింకోనా వృక్షముల చరిత్రము దీనికిఁ జక్కని నిదర్శనము.

దక్షిణ అమెరికాయందలి ఆండీసు పర్వతములపైఁ బుట్టిన యీ వృక్షముల పట్ట చలిజ్వరమునకు మందని 17వ శతాబ్దిలోనే యూరపువారికిఁ దెలిసెను. అయినను ఒకతూరి జ్వరము నణఁచిన పట్ట మఱియొకతూరి నిష్ఫలమగుచుండెను. 1820లో ఫ్రాన్సుదేశీయులగు పెల్లెతియే, కావెంతూ అనువారు క్వినైనును వేఱుపఱచిన పిదపఁ గాని యిందలి కారణము తేటపడలేదు. క్వినైనుతోఁబాటు క్వినిడిను, సింకోనిను, సింకోనిడిను అను క్షారాభములును పట్టయందుఁ గలవు. వీని పాళ్లు జాతిజాతికి భేదించును. సక్సిరూబ్రా యనఁబడు ఎఱ్ఱపట్టజాతి మొండిది. దానిలో క్షారాభముల మొత్తము హెచ్చు, క్వినైను తక్కువ. కాలిసాయా యనఁబడు పసుపుపట్టజాతి పెంపకము కష్టము. అందలి మేలిరకములలోఁ గ్వినైనే ప్రధానము.

1860లో క్లెమెంట్సు మార్కుహాము నాయకత్వమున జరిగిన సేకరణఫలముగా నీలగిరులయందుఁ దోఁటలు వెలసెను. అచ్చట బాగుగాఁ బెరిగినది యెఱ్ఱపట్టయే. క్వినైను కొఱఁతవడినచోఁ దక్కిన క్షారాభములు నిరర్థకములా యను ప్రశ్న యపుడు పుట్టెను. ఇది వట్టి శాస్త్రవాదము కాదు. క్వినైను వెల బీదల కందనిది. చెన్నపురి ప్రభుత్వము 1866లో నియమించిన సంఘము ఆ క్షారాభములను వేలకొలఁది రోగుల కిచ్చి పరీక్షింపఁగా నాలుగును జ్వరహరములే యని తేలెను. తెలుఁగు జిల్లాలు పెక్కు ఆ రాజధానిలోనివే గనుక యీ నిర్ణయము మనవారికిని సంబంధించినదే. వంగదేశమున ముంగ్పూతోఁటల యెఱ్ఱపట్టనుండి క్షారాభముల మిశ్రమమునే చవుకమందుగాఁ జేసిరి.

అంగడి మాత్రము క్వినైనునే కోరెను. 1865లో బొలీవియావాసి మానుయెల్ ఇంక్రా మామానీ యేఱి తెచ్చిన విత్తనములను ఛార్లెసు లెడ్జరు లండనునకుఁ బంపఁగా ఆంగ్లప్రభుత్వము వలదనెను. డచ్చివారు కొంత కొని జావాలో నాఁటిరి. ఆ చెట్ల పట్టలోఁ గ్వినైను నూటికి 13 పాళ్లవఱకుఁ గానవచ్చెను. మామానీ మాత్రము స్వదేశమునఁ జెఱఁబడి, దెబ్బలు తిని 1871లో మరణించెను. పిమ్మట లోకమునకు వలయు క్వినైనులో నధికభాగము జావానుండియే వచ్చుచుండెను. 1942లో జపానువా రా ద్వీపము నాక్రమింపఁగా నది నిలిచిపోయెను.

లెడ్జరుచెట్టు వేరు బలహీనమగుటచే జావావారు దానిని ఎఱ్ఱపట్ట మొదళ్లపై నంటుగట్టిరి. గుణహీనమని త్రోసివేయఁబడిన జాతియే యుత్తమజాతిని నిలిపినది. కావున ఓషధులను బోల్చునపుడు ఏది శ్రేష్ఠమని కాక, దేనియందేమి గలదని విచారించుటయే యుక్తము.