శ్రీమతి కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు

1881వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదిని అమెరికా సంయుక్తరాష్ట్రముల అధ్యక్షుఁడు జేమ్సు గార్ఫీల్డు తుపాకి గాయమువలన మృతినొందెను. ఆయన భార్య లుక్రీషియా 49 ఏండ్ల ప్రాయమున వితంతువయ్యెను. ఆ దేశపు జనులు 3 లక్షల డాలర్లకుఁ బైగా చందా పోగుచేసి యామె కుటుంబమున కిచ్చిరి. ఆమె భర్త కాగితములను, గ్రంథములను భద్రపఱచుచు 1918 వఱకు గౌరవముతో జీవించెను. (అచటి స్త్రీలకెల్లరకు వోటు రాజ్యాంగమువలన 1920లోఁగాని లభింపలేదు గనుక ఆ దేశమును మితిమీఱి పొగడఁబనిలేదు.)

ఇది జరిగి మూడు మాసములు నిండకమునుపే, డిసెంబరు 11వ తేదిని, రాజమహేంద్రవరమున గౌరమ్మ యను బాలవితంతువునకు గోగులపాటి శ్రీరాములుగారితో వివాహము జరిగెను. ఈ వితంతువునకుఁ జందాలు రాలేదు; పోలీసువారి కాపుదల మాత్రము వలసివచ్చెను. ఆ పెండ్లి జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారని బడిపిల్లలుకూడ నెఱుఁగుదురు. ఆ యింటి యిల్లాలిని గూర్చి చదివినవా రెందఱు?

రాజ్యలక్ష్మమ్మగారు 1851లో జన్మించిరి. పుట్టింటి పేరు బాపమ్మ. చిన్నతనముననే పంతులుగారిని వివాహమాడిరి. సంతానము లేదు. గ్రంథములు వ్రాయలేదు, సభలలో నుపన్యసింపలేదు. చరిత్రకారులు వెదకు చోట్ల నామె జాడ దొరకకుండుటకు కారణ మిదియే.

పెండ్లి జరిగినపిదప బంధువులు, పురజనులు వెలివేసిరి. వెలి యనఁగా నేమో నేఁటి పాఠకులకుఁ జెప్పవలసియున్నది. పురోహితుఁడు గడప త్రొక్కఁడు. వంటవాఁడు మానును. నీళ్లు తెచ్చువాఁడు మానును. పండితులతో వాదించుటకుఁ బురుషునికి శాస్త్రమున్నది, పత్రికయున్నది. కుండలో నీళ్లు లేనప్పు డేమి వాదింపఁగలము? అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికిఁ బోయి నీళ్లు మోసితెచ్చి, వచ్చినవారికందఱకు వండి వడ్డించిరి. వెలి దెబ్బ మొదటఁ దగులునది వంటయింటికి. ఆ వంటయిల్లు నిలువఁబట్టి యుద్యమము నిలిచెను. దీనిని మేము పొగడ్తగాఁ గాక లెక్కగాఁ జెప్పుచున్నాము.

వితంతు వివాహములను ధర్మబద్ధము చేయు చట్టము 1856లోనే పుట్టినది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషి ఫలమది. అయినను గోదావరితీరమున మొదటి పెండ్లి జరుగుటకు 25 ఏండ్లు పట్టెను. మా జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతములు నాఁడు నైజాము ఏలుబడిలో నుండుటచేత ఆ చట్ట మిచటికి రానేలేదు. వచ్చినచోటనైనను దానిలో నొక ముల్లు కలదు: మరల పెండ్లియాడిన వితంతువు మొదటి భర్త యాస్తిపైఁ గల హక్కును గోలుపోవును. పుట్టినిల్లు తలుపు మూయును, అత్తవారిల్లు ఆస్తి తీసికొనును. ఇఁక నా పిల్ల యెక్కడికిఁ బోవలయును? చట్ట మీప్రశ్నకు సమాధానము చెప్పలేదు. రాజ్యలక్ష్మమ్మగా రిచ్చిన సమాధానము తమ యిల్లే. ఆశ్రయము కోరివచ్చిన పడుచులను కూఁతుండ్రవలెఁ జూచిరి. పంతులుగారి పూనికతో జరిగిన సుమారు 40 వితంతు వివాహములకును వెనుక నీ యింటి చాకిరి యున్నది.

కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగా రుద్యమమునకు ధనసహాయము చేసిరి. ఆ దానమును చరిత్ర రూపాయలతో సహా వ్రాసియుంచినది, అది న్యాయమే. గోదావరినుండి వచ్చిన బిందెల నెవ్వరును లెక్కింపలేదు. మా యభిప్రాయమున ఈ రెండవది లేనిదే మొదటిది పెండ్లిపందిరి వఱకే పనికివచ్చును. మఱునాటి యన్నమునకుఁ గాదు.

1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి సమర్పించిరి. బిడ్డలులేని యిల్లాలికి ముదిమిలో నాధారమైన యాస్తి యది. నాలుగేండ్లకు, 1910వ సంవత్సరమున, ఆమె కన్నుమూసిరి. పంతులుగా రటుపిమ్మట తొమ్మిదేండ్లు జీవించిరి.