చిన్న ఓడలో ఏ గది తీసుకోవాలి? డబ్బు కట్టకముందు చూసుకోవలసిన విషయాలు

లాడ్జిలో గది నచ్చకపోతే కౌంటరు దగ్గరికి వెళ్ళి మార్చమని అడుగుతాం. అప్పటికీ కుదరకపోతే పక్క వీధిలో ఇంకొకటి చూసుకుంటాం. ఓడలో ఆ వీలు లేదు. లంగరెత్తాక మనకిచ్చిన గదే గది. పెద్ద ఓడలోనైతే ఏ మూలనో ఒక గది ఖాళీగా ఉండవచ్చు. పాతిక ముప్ఫై గదుల చిన్న ఓడలో ఆ ఆశ కూడా పెట్టుకోలేం. కాబట్టి గది సంగతి టికెట్టు కొనేటప్పుడే తేల్చుకోవాలి.

ఈమధ్య మన కుటుంబాల్లో ఓడ ప్రయాణాలు పెరిగాయి. షష్టిపూర్తికి పిల్లలు అమ్మానాన్నలకు టికెట్లు కొనిపెడుతున్నారు. మన సంఘాలు కూడా ఇరవై ముప్ఫై మందిని కలిపి యాత్రలు వేస్తున్నాయి. యానాం, బరంపురం వైపు వారికి విశాఖ రేవు, తమిళనాడులోని మనవారికి, బెంగళూరు, కోలారు వారికి చెన్నై రేవు దగ్గర. వెళ్ళేవారిలో ఎక్కువమంది అరవై దాటినవారే. మోకాళ్ళ నొప్పులు, రాత్రిళ్ళు రెండుమూడుసార్లు లేవాల్సి రావడం చాలామందికి ఉన్నవే. వీరి విషయంలో గది పొరపాటైతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఆరోగ్యం కూడా.

గది ఎన్ని చదరపు అడుగులు అన్నదే అందరూ ముందు అడుగుతారు. మా ఉద్దేశంలో అది నాలుగో ప్రశ్న. దానికి ముందు మూడున్నాయి. గదిలో మనం ఎన్ని గంటలు ఉంటాం? ఆ గది ఓడలో ఏ భాగంలో ఉంది? అందులో ఎవరెవరు పడుకుంటారు?

గదిలో ఎన్ని గంటలు?

కేరళ ఆలప్పుళ కెట్టువళ్ళంతో మొదలుపెడదాం. సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఎక్కించుకుని మరుసటి ఉదయం తొమ్మిదికి దింపుతారు. సాయంత్రం చీకటి పడకముందే పడవను ఒడ్డున కట్టేస్తారు. పగలంతా ముందున్న వరండాలోనే కూర్చుంటాం. గదిలోకి వెళ్ళేది నిద్రకే. ఇక్కడ పెద్ద గదికి అదనంగా ఇవ్వడం దండుగ. చాలా పడవల్లో ఏసీ రాత్రి మాత్రమే వేస్తారు కాబట్టి, ఆ డబ్బేదో రోజంతా ఏసీ ఉండే పడవకు పెట్టడం మేలు.

లక్షద్వీప్ ఓడలది ఇంకో లెక్క. కొచ్చి నుంచి ద్వీపాన్ని బట్టి సుమారు 14 నుంచి 18 గంటల ప్రయాణం. వీటిలో పెద్దది ఎం.వి. కవరత్తి, 700 మంది పడుతుంది. మన విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన ఓడ ఇది. మొదటి తరగతిలో గదికి ఇద్దరు, రెండో తరగతిలో నలుగురు. పగలు ద్వీపంలో తిరిగి, రాత్రి ఓడలో పడుకునే పద్ధతిలో వెళితే గది చిన్నదైనా ఇబ్బంది ఉండదు. కింది బెర్తు దొరికితే చాలు.

అండమాన్ అలా కాదు. చెన్నై నుంచి సుమారు 60 గంటలు, విశాఖ నుంచి 56, కోల్‌కతా నుంచి 66. అంటే రెండు రాత్రులు, ఒక్కోసారి మూడు. డీలక్సు గదిలో ఇద్దరు, మొదటి తరగతిలో నలుగురు, రెండో తరగతిలో నలుగురి నుంచి ఆరుగురు ఉంటారు. బంక్ తరగతి అంటే పెద్ద హాలులో వరుసగా బెర్తులు. వయసులో ఉన్నవారు బంక్‌లోనూ సరదాగా వెళ్ళివస్తారు. అరవై దాటినవారికి ఇక్కడ మాత్రం ఒక తరగతి పైకి వెళ్ళమనే మా సలహా.

నది ఓడల్లో రోజుల తరబడి ఉండాలి. 2023 జనవరి 13న వారణాసిలో బయలుదేరిన గంగా విలాస్‌లో గదులు 18, ప్రయాణికులు 36 మంది. డిబ్రూగఢ్ దాకా 51 రోజులు, సుమారు 3,200 కిలోమీటర్లు. అన్ని రోజులు ఉండేటప్పుడు గది ఇల్లే అవుతుంది. బట్టలు సర్దుకునే అలమర, కాసేపు ఒంటరిగా కూర్చునే కుర్చీ, చదువుకునే దీపం కావాలి. విస్తీర్ణానికి డబ్బు పెట్టవలసింది ఇలాంటి చోటే.

ఐదారు వేలమంది ఎక్కే విదేశీ ఓడల పక్కన పెడితే ఇవన్నీ చిన్నవే. ఆ పెద్ద ఓడల్లో గది చిన్నదైనా బయట తిరగడానికి హాళ్ళు, వరండాలు ఎన్నో ఉంటాయి. చిన్న ఓడలో వాన కురిసినా, గాలి హెచ్చినా ఉన్న ఒక్క హాలు నిండిపోతుంది. అప్పుడు అందరూ గదులకే చేరాలి. ఏ నెలలో వెళుతున్నామన్నది కూడా గంటల లెక్కలో కలుపుకోవాలి.

గది ఎక్కడుంది?

పిల్లల పార్కులో ఇద్దరు చెరోవైపు కూర్చుని పైకీ కిందికీ ఊగే బల్ల చూసే ఉంటారు. చివర్లు బాగా లేస్తాయి, నడుమ దాదాపు కదలదు. సముద్రంలో ఓడ కూడా అంతే. ముందు భాగం, వెనక భాగం ఎక్కువ ఊగుతాయి. మధ్యలో ఊపు తక్కువ. పక్కలకు ఒరిగేటప్పుడు పై అంతస్తు ఎక్కువ కదులుతుంది, కింది అంతస్తు తక్కువ. అందుకని కడుపులో తిప్పే తత్వం ఉన్నవారికి కింది అంతస్తులో నడిమి గది మంచిది. తమాషా ఏమిటంటే చాలా ఓడల్లో ఖరీదైన గదులు పైనే ఉంటాయి. ఎక్కువ డబ్బిచ్చి ఎక్కువ ఊపు కొనుక్కున్నట్టవుతుంది.

చప్పుడు సంగతీ చూడాలి. ముందు భాగంలో లంగరు గొలుసు దించేటప్పుడు, లాగేటప్పుడు పెద్ద మోత. వెనక భాగంలో ఇంజను అదురు రాత్రంతా తెలుస్తుంది. వంటశాల, భోజనాల హాలు, జనరేటరు పక్క గదులకు నిద్ర తక్కువ. ఓడ నక్షా అడిగి తీసుకుని మన గదికి పైన, కింద, పక్కన ఏమున్నాయో చూడండి.

నదిలో ఈ లెక్క మారుతుంది. గంగ మీదా, బ్రహ్మపుత్ర మీదా, కేరళ కాయల్లోనూ సముద్రపు ఊపు ఉండదు. అక్కడ పై అంతస్తు గదిలో గాలి, వెలుతురు, చూపు మూడూ దొరుకుతాయి. చూడవలసింది మెట్లు. చిన్న ఓడల్లో లిఫ్టు లేనివే ఎక్కువ, మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. రోజూ ఆరేడుసార్లు ఎక్కి దిగగలమా అన్నది ముందే ఆలోచించుకోవాలి.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనవారెవరూ మరచిపోలేదు. చిన్న పడవల్లో కింది అంతస్తు గది తీసుకుంటే బయటికి రావడానికి ఎన్ని దారులున్నాయో అడగండి. ఒక్కటే దారి, అదీ ఇరుకు మెట్లయితే ఎంత చవకైనా ఆ గది వద్దు. ఎక్కిన వెంటనే లైఫ్ జాకెట్టు ఎక్కడుందో చూసి, ఒకసారి తొడుక్కుని విప్పండి.

చదరపు అడుగుల లెక్క

ఇప్పుడు విస్తీర్ణం. ప్రకటనల్లో వేసే అంకెలో బాత్‌రూము, బాల్కనీ కలిసి ఉండవచ్చు. ఉదాహరణకు రెండు గదులు తీసుకుందాం. ఒకటి బాల్కనీతో 180 చదరపు అడుగులు, రెండోది కిటికీ మాత్రమే ఉన్న 140 చదరపు అడుగులు.

మొదటిదాంట్లో బాల్కనీ 35, బాత్‌రూము 30, గుమ్మం దగ్గర నడవ, అలమర కలిపి 15 తీసేస్తే మిగిలేది 100. రెండోదాంట్లో బాత్‌రూము 30, నడవ, అలమర 15 తీసేస్తే 95. కాగితం మీద 40 అడుగుల తేడా, మంచం వేసుకునే చోట ఐదు అడుగులే. ఐదడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవున్న మంచానికి 32 అడుగుల పైన పోతుంది. మిగతాదాంట్లోనే కుర్చీ, బల్ల, మన పెట్టెలు, మనం నడిచే దారి.

అంకె వినగానే ఇంట్లో అదే కొలతకు నేల మీద సుద్దతో గీత గీసి చూడమంటాం. పది అడుగులు, పన్నెండు అడుగులు గీసి అందులో మంచం కొలత వేస్తే ఇద్దరు మనుషులు ఎదురుపడి తప్పుకోగలరో లేదో తెలిసిపోతుంది. ఫోటోలు నమ్మవద్దు. మూలన నిలబడి తీస్తే కోళ్ళగూడు కూడా కల్యాణమండపంలా కనిపిస్తుంది.

పెట్టెలకు మంచం కింద చోటుందా అన్నది అడగవలసిన మాట. ఉంటే పదడుగుల గది కలిసొచ్చినట్టే.

మంచం, బాత్‌రూము, కిటికీ

పై బెర్తు, కింది బెర్తు తేడా రైల్లో అందరికీ తెలిసిందే. ఓడలో ఆ తేడా ఇంకా ఎక్కువ. రాత్రి ఓడ ఊగుతుండగా నిద్రమత్తులో నిచ్చెన దిగడం పెద్దవారికి ప్రమాదం. నలుగురి గదిలో ఇద్దరికి పై బెర్తు తప్పదు. నలుగురూ అరవై దాటినవారైతే ఆ గది సరిపడదన్నమాటే. పెద్దవారు ఇద్దరు, మనవలు ఇద్దరు అయితే చక్కగా కుదురుతుంది.

బాత్‌రూము గదిలోనే ఉందా, వరండా చివర అందరికీ కలిపి ఉందా అన్నది తేల్చుకోండి. చక్కెర వ్యాధి ఉన్నవారికి, నీళ్ళ మాత్రలు వేసుకునేవారికి మిగతా హంగులన్నిటికంటే ఇదే ముఖ్యం. ఓడల్లో బాత్‌రూముకు ఎత్తు గడప ఉండడం మామూలు, కాలు తగిలి పడేది అక్కడే. పట్టుకునే కడ్డీ ఉందా, కుర్చీ తరహా మరుగుదొడ్డేనా అని కూడా అడగాలి.

లోపలి గదికి కిటికీ ఉండదు. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. ఒక్క రాత్రికి పరవాలేదు, ఎక్కువ రోజులకు కొందరికి ఊపిరాడనట్టు ఉంటుంది. కిటికీ అన్నారు కదా అని సంతోషించకుండా, అది తెరుచుకుంటుందా, దాని ఎదురుగా ప్రాణరక్షక పడవ అడ్డముందా అని అడగండి. బాల్కనీ నది ఓడలో ఉపయోగం. సముద్రంలో గాలి, ఉప్పునీటి తుంపర వల్ల తలుపు మూసుకునే ఉండేది ఎక్కువ.

ఒంటరిగా వెళ్ళేవారు

చాలా విహార ఓడల్లో గది ధర ఇద్దరికని లెక్కగడతారు. ఒక్కరే ఉంటే ఒకటిన్నర రెట్లు, కొన్నిచోట్ల రెండు రెట్లు కూడా వసూలు చేస్తారు. భర్తను కోల్పోయిన అమ్మలు, భార్యను కోల్పోయిన పెద్దలు ఈ కారణంగానే యాత్ర మానుకుంటారు. తోడు చూసి జత కలపడం సంఘం చేయవలసిన పని. కలిపేముందు మూడు సంగతులు మాట్లాడించాలి: గురక ఉందా, ఏసీ ఎంత చల్లగా కావాలి, తెల్లవారి ఎన్నింటికి లేస్తారు. చుట్టరికం కన్నా ఈ మూడూ కలవడం ముఖ్యం. నిద్రలో గాలి మిషను పెట్టుకునేవారికి మంచం పక్కన ప్లగ్గు ఉండాలి.

బృందంగా వెళ్ళేటప్పుడు

ఓడలో మంచి గదులు కొన్నే. అధ్యక్షులకు, చందా ఎక్కువిచ్చినవారికి అవి ముందుగా రాసేయడం కొన్నిచోట్ల ఆనవాయితీ. ఆ పద్ధతి సరికాదని మా అభిప్రాయం. అందరూ ఒకే ధర కట్టినప్పుడు గది మోకాలిని చూసి ఇవ్వాలి, హోదాను చూసి కాదు. పేరు పక్కన వయసు, మెట్లెక్కగలరా, రాత్రి లేస్తారా, ప్రయాణంలో కడుపు తిప్పుతుందా అని నాలుగు గళ్ళు గీసి పట్టిక తయారుచేయండి. కింది బెర్తులు, బాత్‌రూము ఉన్న గదులు, నడిమి గదులు ముందు వారికి కేటాయించి, మిగిలినవి చీటీలు వేయండి. పట్టిక బయలుదేరే ముందే అందరికీ చూపించండి. ఓడ ఎక్కాక వచ్చే తగాదాలు చాలావరకు ఇక్కడే తీరిపోతాయి.

డబ్బు కట్టేముందు అడగవలసినవి

1. గది నంబరు ఇప్పుడే ఇస్తారా, తరగతి మాత్రమే చెబుతారా? నంబరు లేకపోతే నడిమి గది అని కాగితం మీద రాయించుకోండి.
2. చెప్పిన విస్తీర్ణంలో బాత్‌రూము, బాల్కనీ కలిశాయా?
3. రెండు మంచాలా, ఒక పెద్ద మంచమా, పై బెర్తు ఉందా?
4. బాత్‌రూము గదిలోనేనా? గడప ఎంత ఎత్తు?
5. భోజనాల హాలుకు ఎన్ని మెట్లు? లిఫ్టు ఉందా?
6. ఏసీ రోజంతానా, రాత్రికేనా?
7. రేవులో నేరుగా దిగుతామా, నడిసముద్రంలో చిన్న పడవలోకి మారాలా? లక్షద్వీప్‌లో చాలాచోట్ల అలా మారవలసిందే. మోకాళ్ళు సహకరించనివారికి గది ఎంత బాగున్నా ఆ దిగడమే కష్టం.
8. రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి వస్తుంది?

జవాబులు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి. లక్షద్వీప్‌కు ప్రవేశ అనుమతి వేరుగా కావాలి. ఓడల తేదీలు, ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి బయలుదేరేముందు మరోసారి సరిచూసుకోగలరు. వాంతుల మాత్ర ఏది వేసుకోవాలో మీ డాక్టరుగారినే అడగండి, ముఖ్యంగా బీపీ, గుండె మందులు వాడుతున్నవారు.