యానాం ఖాతాలో పాత పద్దులు

బ్యాంకు ఉద్యోగికి కొత్త ఊళ్ళు బదిలీ ఉత్తర్వులతోనే పరిచయమవుతాయి. 2011లో నన్ను యానాం వేశారు. మాది బరంపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాతగారు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారినవారు. అందుచేత పుదుచ్చేరి పాలనలో ఉన్న తెలుగు ఊరంటే ఏదో దగ్గర బంధువుల ఇంటికి వెళుతున్నట్టే అనిపించింది. పైగా ఫ్రెంచివారి యానాం అన్న మోజు ఒకటి. ఆదివారాలు తిరిగి చూడవచ్చు, నాలుగు విశేషాలు రాసుకోవచ్చు అనుకున్నాను.

ఊరు చిన్నది. మొత్తం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట, సముద్రానికి దగ్గరలో ఉంటుంది. కాకినాడకు గంట ప్రయాణం; రాజధాని పుదుచ్చేరికి మాత్రం 800 కిలోమీటర్ల పైచిలుకు. బండ్ల మీద పీవై-04 అన్న అక్షరాలు, కౌంటరు దగ్గర నిఖార్సయిన గోదావరి యాస. సాయంత్రం లెక్క సరిచూసుకుని గట్టు మీదికి వెళితే అవతల ఎదుర్లంక దీపాలు కనిపించేవి. 2002లో బాలయోగి వంతెన వచ్చేదాకా అక్కడికి పంటు మీదే దాటేవారట.

ఫ్రెంచివారు ఇక్కడ 1723లో స్థావరం పెట్టి, లాభం లేదని 1727లో ఎత్తేసి, 1731లో మళ్ళీ వచ్చారు. ఆ తరువాత ఇంగ్లీషువారు పలుమార్లు పట్టుకున్నారు. చివరకు 1814 పారిస్ సంధి ప్రకారం ఊరు తిరిగి ఫ్రెంచివారికి దక్కింది. పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దాన్ని నేలమట్టం చేశాయి. ఆ రేవు పేరు మాత్రం సముద్రాలు దాటింది. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్ళను కోరంగీలు అనడం అందువల్లనే. 1828లో రీయూనియన్ దీవికి కూలిపనికి తీసుకువెళ్ళిన తొలి జట్టు కూడా యానాం నుంచే వెళ్ళింది. 15 మంది తెలుగువాళ్ళు. ఇప్పుడు ఫ్రాన్సు పేరు చెప్పి సందర్శకులకు చూపించే ఊరిలో ఆ 15 మంది ఊసు నాకు ఎవరూ చెప్పలేదు.

చుట్టూ ఇంగ్లీషు ఏలుబడి, నడుమ ఇంతలేసి ఫ్రెంచి ముక్క. ఇటువంటి చోట సరిహద్దే పెద్ద వ్యాపారం. ఇక్కడి మంగళవారం సంతకు సుంకం కట్టని విదేశీ సరుకుల కోసం జిల్లా అంతటి నుంచీ జనం వచ్చేవారు. సరుకులతోపాటు పెళ్ళిళ్ళు కూడా వచ్చాయి. 1929లో శాసనసభ ఆమోదించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే, చేయించిన పెద్దలకు నెల రోజుల దాకా జైలు, 1,000 రూపాయల దాకా జరిమానా. అది బ్రిటిష్ ఇండియా చట్టం, యానాంలో చెల్లదు. దాంతో పిల్లల్ని, పురోహితుణ్ణి, మేళాన్ని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చి మూడు ముళ్ళూ వేయించి వెళ్ళేవారు. యానాంకు కల్యాణపురం అని పేరుపడింది.

ఈ సంగతి విన్నప్పుడు నేను నవ్వాను. మన పెద్దల గడుసుతనం చూశారా అని ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

ఒక రోజు ఎనభై దాటిన మామ్మగారు ఒకామె పింఛను ఖాతా కాగితాల కోసం వచ్చింది. చూపు ఆనదు. గుమాస్తా తీరిక లేక నా బల్ల దగ్గరకు పంపాడు. భర్త పేరు అడిగాను. పాతకాలం మనిషి, నోటితో చెప్పలేదు. పాసుబుక్కు ముందుకు తోసింది. మాటల్లో పెట్టాలని, "పెళ్ళి ఈ ఊళ్ళోనేనా మామ్మగారూ?" అన్నాను.

"ఇక్కడే బాబూ. మాది అవతలి లంక. మా ఊళ్ళో చేస్తే కేసవుతుందని రాత్రికి రాత్రి పడవెక్కించేరు. నాకు ఎనిమిదో ఏడు. పడవలోనే నిద్దరోయేను. లేపి పీటల మీద కూచోబెట్టేరు."

"అయితే మీది ఫ్రెంచి పెళ్ళన్నమాట," అన్నాను, పెద్ద చమత్కారంలాగా.

ఆవిడ నవ్వలేదు. "పదకొండో ఏట ఆయన జ్వరమొచ్చి పోయేరు. ఆయన మొహం నాకు గుర్తులేదు బాబూ. పేరు మాత్రం అన్ని కాయితాల్లోనూ ఉంది," అంది.

తరువాత అన్నగారింట ఉండలేక యానాం వచ్చి, ఇళ్ళల్లో వంట చేసి బతికిందట. వేలిముద్ర వేయించి పంపించాను. ఆ సాయంత్రం లెక్క కుదరడానికి చాలాసేపు పట్టింది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో ఉద్యమకారులు యానాంను ఫ్రెంచి అధికారం నుంచి తప్పించారు. ఆ ఏడు అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది ఓటు వేస్తే 170 మంది భారతదేశంలో కలవాలన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1962 ఆగస్టు 16న అది చట్టరీత్యా అమలయింది. స్థావరాల ప్రత్యేక ప్రతిపత్తి కొనసాగుతుందని, ప్రజాభిప్రాయం తెలుసుకోకుండా మార్పు చేయరాదని అందులో రాసుకున్నారు. చుట్టూ తెలుగునేల ఉన్నా యానాం ఆంధ్రలో కలవక, 30 మంది సభ్యుల పుదుచ్చేరి శాసనసభకు ఒక్కరిని పంపుతూ ఉండిపోవడానికి మూలం ఇదే. 1965 భాషా చట్టంలో అక్కడ తమిళంతోపాటు యానాం వరకు తెలుగుకు చోటిచ్చారు.

ప్రత్యేక ప్రతిపత్తి మాట వస్తే మనవంటి బయటి తెలుగువాళ్ళకు మనసు ఉప్పొంగుతుంది. మన భాషకు దక్కిన చోటు కదా. నాకూ ఆ గర్వం ఉంది. మామ్మగారు నెలనెలా తీసుకున్న పింఛను కూడా ఆ పుదుచ్చేరి ప్రభుత్వం ఇచ్చినదే. అయితే ఎనిమిదేళ్ళ పిల్లను కాపాడవలసిన చట్టాన్ని గోదావరి మధ్యలో ఆపేసినది కూడా ఆ గీతే. ఆ పని ఫ్రెంచివాడు వచ్చి చేయలేదు. పడవ మాట్లాడింది మనవాళ్ళే. జమ ఒక్కటే చూపించి ఖర్చు దాచేస్తే దాన్ని ఖాతా అనరు.

నేను 2014లో బదిలీ అయ్యాను. వెళ్ళే ముందు అందరూ చూసేవన్నీ చూశాను. 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి, మీసాల వెంకన్న గుడి, కోరంగి మడ అడవులు. చివరి సాయంత్రం మాత్రం రేవు దగ్గర కూర్చుని, చీకటిలో ఆ పడవ ఎక్కడ ఆగి ఉంటుందా అని చూశాను.

ఈ పత్రిక చదివే ఇళ్ళన్నీ ఏదో ఒక సరిహద్దుకు అవతల ఉన్నవే. మన ఇళ్ళల్లో ఇంకా మిగిలిన పెద్దవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను, గీత దాటి వచ్చిన సంగతులు అడిగి రాసిపెట్టుకుందాం. నేను మామ్మగారిని ఇంకొక్కసారి కూర్చోబెట్టి అడగవలసింది. అడగలేదు.